సూదీ దారం పక్కన పెట్టండి



పడమటి కిటికీ ఉన్న గదిలో మధ్యాహ్నం మూడు దాటితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎండ టీవీ మీద పడుతుంది, పుస్తకం మీద పడుతుంది, చివరికి కంట్లో పడుతుంది. కర్టెన్ లాగితే గదంతా చీకటి. లాగకపోతే కూర్చోలేం. అందుకే ఈ మధ్య అపార్ట్‌మెంట్లలో చాలామంది రోలర్ బ్లైండ్లు పెట్టించుకుంటున్నారు. పైన ఒక గొట్టం, దానికి చుట్టుకున్న గుడ్డ, అడుగున ఒక పట్టీ, పక్కన పూసల గొలుసు. ఎంతవరకు కావాలంటే అంతవరకు దించుకోవచ్చు, అక్కర్లేనప్పుడు చుట్టేయొచ్చు.

కాకపోతే దుకాణంలో మన ముందు పెట్టే నమూనాల పుస్తకం తిరగేస్తే ఉత్సాహం సగం చచ్చిపోతుంది. బూడిద రంగు, లేత బూడిద రంగు, ముదురు బూడిద రంగు, ఆ తర్వాత గోధుమ రంగు. అన్నీ పాలిస్టరే. పోచంపల్లి ఇక్కత్, పెడన కలంకారీ, మంగళగిరి నూలు చేతికందే దూరంలో పెట్టుకుని మనం బూడిద రంగును వెతుక్కుంటున్నాం! గొట్టం, బ్రాకెట్లు, గొలుసు కలిపిన కిట్ విడిగా దొరుకుతుంది. ఇంట్లో పాత బ్లైండ్ ఉంటే అదీ అక్కర్లేదు, దాని గుడ్డ పీకేస్తే చాలు. ఇక కావాల్సింది మనకు నచ్చిన గుడ్డ. దాన్ని ఇంట్లో ఎలా తయారు చేసుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిని ఎక్కువగా పాడుచేసేది కుట్టు బాగా వచ్చినవాళ్ళు. చేతిలో గుడ్డ పడగానే అంచు మడవాలనిపిస్తుంది వాళ్ళకి. ఇక్కడ మడవకూడదు. ఎందుకో కాసేపట్లో లెక్క వేసి మరీ చెప్తాను.

గుడ్డ ఎంపికతో మొదలుపెడదాం. దుప్పటి గుడ్డంత మందం, దగ్గర నేత ఉన్న నూలు గుడ్డ సరిగ్గా సరిపోతుంది. మరీ పల్చనిది నిలవదు, జీన్స్ లాంటిది చుట్టుకోదు. సాగే గుడ్డ అసలు పనికిరాదు. చేనేత గుడ్డ పన్నా సాధారణంగా 45 నుంచి 48 అంగుళాలు ఉంటుంది కాబట్టి మూడున్నర అడుగుల కిటికీ దాకా అతుకు లేకుండా వస్తుంది. అంతకన్నా వెడల్పయితే రెండు బ్లైండ్లు పక్కపక్కన పెట్టుకోండి. నిలువు అతుకు మాత్రం వేయకండి. గొట్టానికి చుట్టినప్పుడు ఆ అతుకు ఉన్నచోటే పొరపొరకీ ఎత్తు పెరిగి గుడ్డంతా ముడతలు పడుతుంది.

ఇక్కత్‌కూ కలంకారీకీ ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇక్కత్‌లో నూలును ముందే కట్టి, రంగుల్లో ముంచి, తర్వాత నేస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి గుడ్డకు వెనకా ముందూ ఒకేలా ఉంటుంది. పెడన కలంకారీ చెక్క అచ్చులతో ఒకవైపు అద్దేది, వెనక వైపు లేతగా ఉంటుంది. కిటికీ తెరకు ఇది ఎందుకు పట్టించుకోవాలంటే, మామూలుగా బ్లైండ్ గుడ్డ గొట్టం వెనక నుంచి, అంటే అద్దానికి దగ్గరగా దిగుతుంది. అలా దిగినప్పుడు పైన చుట్ట మీద మనకు కనిపించేది గుడ్డ వెనక వైపే. ఇక్కత్ అయితే ఏ బాధా లేదు. కలంకారీ అయితే గొట్టం ముందు నుంచి గుడ్డ దిగేలా పెట్టుకోండి, లేదంటే పైన పెల్మెట్ కట్టించుకోండి. ముందు నుంచి దించడంలో ఇంకో లాభం ఉంది. కిటికీ గడియ, హ్యాండిల్ ముందుకు పొడుచుకొచ్చి ఉంటే గుడ్డ వాటికి తగలకుండా దిగుతుంది.

రంగుల సంగతి. మొక్కల రంగుల్లో పసుపు ఎండకు ముందుగా వెలుస్తుంది. నీలిమందు నీలం అంత తొందరగా లొంగదు. కాబట్టి పడమటి కిటికీకి పసుపు ఎక్కువున్న కలంకారీ పెట్టకండి, ఉత్తరపు కిటికీకి పెట్టండి. పాత పట్టుచీరతో చేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఇప్పుడే మానుకోండి. ఎండ దెబ్బకు తొందరగా పాడయ్యే దారాల్లో పట్టు ముందుంటుంది. కొన్నాళ్ళకు మడత దగ్గర చిరుగుతుంది. అమ్మ చీర మీద మమకారం ఉంటే బీరువాలో పెట్టుకోండి, కిటికీకి కట్టి ఎండబెట్టడం దేనికి?

గుడ్డ తెచ్చాక మొదటి పని తడపడం. ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఉతికి, పిండకుండా ఆరెయ్యండి. చేనేత గుడ్డ కొన్నప్పుడు కాస్త బిరుసుగా ఉంటుంది. అది గుడ్డ గట్టిదనం కాదు, గంజి. నేతకు ముందు పడుగు దారం తెగకుండా దానికి గంజి పట్టిస్తారు. అది పోవాలి. దానితోపాటు గుడ్డ కుంచించుకోవాల్సింది కూడా ఇప్పుడే కుంచించుకుపోవాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతుల దాకా తగ్గొచ్చు. అయిదడుగుల తెరలో అది రెండు మూడు అంగుళాలు. కోసి అతికించాక తగ్గితే చేయగలిగింది ఏమీ లేదు.

ఇప్పుడు దానికి మళ్ళీ బిరుసు ఎక్కించాలి. ఇక్కడ మనవాళ్ళందరికీ తట్టేది సగ్గుబియ్యం గంజి. చీరలకు పెట్టినట్టే పెడదామా అని. పెట్టొచ్చు, నిలుస్తుంది కూడా. కానీ గంజి అంటే పిండి. కిటికీ దగ్గర ఉండే గుడ్డకు పిండి రాస్తే బొద్దింకలను, వెండిపురుగులను భోజనానికి పిలిచినట్టే. కోస్తా జిల్లాల్లో వానాకాలంలో బూజు కూడా పడుతుంది. పుస్తకాల బైండింగ్ చేసేవాళ్ళు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, నిజమే. అది విషం. పిల్లలు తాకే తెరకు వద్దు.

అందుకని నా సలహా ఫెవికోల్ లాంటి తెల్ల జిగురు. ఒక వంతు జిగురుకు రెండు వంతుల నీళ్ళు కలిపి, గరిటెతో బాగా తిప్పి, ముందు ఒక చిన్న గుడ్డ ముక్కకు రాసి ఆరనిచ్చి చూడండి. కాగితంలా విరిగినట్టు అనిపిస్తే ఇంకొంచెం నీళ్ళు, వేలాడుతుంటే ఇంకొంచెం జిగురు. తడిగా ఉన్నప్పుడు గుడ్డంతా పాలు పోసినట్టు తెల్లగా కనిపిస్తుంది, కంగారు పడకండి. ఆరాక రంగు తేరుకుంటుంది. వెడల్పాటి బ్రష్‌తో రెండు వైపులా రాయండి.

ఆరబెట్టడంలోనే చాలామంది దెబ్బతింటారు. అలవాటు కొద్దీ దండెం మీద వేస్తారు. దండెం తగిలిన చోట మడత పడి, ఆ మడతతోనే గుడ్డ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా ఆ గీత పూర్తిగా పోదు. ఒక నిటారైన కర్ర తీసుకుని, గుడ్డ పై అంచు పొడుగునా దగ్గరదగ్గరగా క్లిప్పులు పెట్టి, నీడలో నిలువుగా వేలాడదీయండి. ఆరాక ఇస్త్రీ చేయండి, కాకపోతే మధ్యలో పల్చటి గుడ్డ వేసి చేయండి. ఈ జిగురు వేడికి మెత్తబడి ఇస్త్రీపెట్టెకు అంటుకుంటుంది.

ఇప్పుడు కోత. మొత్తం పనిలో నాకు ఇష్టమైన భాగం ఇదే, కష్టమైనదీ ఇదే. తెర నాలుగు మూలలూ కచ్చితంగా మూలమట్టానికి రావాలి. ఒక మూల పావు అంగుళం తేడా వచ్చినా, గుడ్డ చుట్టుకునేటప్పుడు ఒక పక్కకు జరుగుతూ పోయి బ్రాకెట్‌కు రాసుకుంటుంది. అంచు నలిగి, దారాలు లేస్తాయి.

ముందు గుడ్డను దాని నేతకు సరిగ్గా నిలబెట్టుకోవాలి. ఈ ఒక్క పని జిగురు రాయకముందే చేసుకోవాలి: అడ్డంగా ఒక పేక దారాన్ని పట్టి మెల్లగా లాగేయండి. గుడ్డలో సన్నటి గీత ఏర్పడుతుంది. అదే మీ అడ్డగీత. స్కేలు ఎంత మంచిదైనా నేతకన్నా బాగా చెప్పలేదు. పడుగు నిలువుగా ఉండాలి. అంచును నమ్ముకోకండి, నేతలో అంచు దారాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, మిగతా గుడ్డకన్నా బిగుతుగా లాగుతాయి. రెండు అంచులూ కోసి పారేయండి.

ఇంట్లో అంత పెద్ద బల్ల ఎవరికీ ఉండదు. నేల ఉంది కదా. రెండడుగుల టైల్స్ పరిచిన గదిలో టైళ్ళ మధ్య గీతలే మీకు నిలువూ అడ్డమూ చూపిస్తాయి. అయినా ఒకసారి సరిచూసుకోండి. తాపీమేస్త్రీ పునాది గీసేటప్పుడు ఏం చేస్తాడు? మూల నుంచి ఒకవైపు మూడడుగులు, రెండోవైపు నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పెడతాడు. సరిగ్గా అయిదడుగులు వస్తే మూల కుదిరినట్టు. మనదీ అదే పద్ధతి. చివర్లో ఒక మూల నుంచి ఎదురు మూలకు, రెండో మూల నుంచి దాని ఎదురు మూలకు కొలవండి. రెండు కొలతలూ సమానంగా రావాలి. కొలవడానికి స్టీలు టేపు వాడండి. దర్జీ మెడలో వేసుకునే టేపు వాడగా వాడగా సాగుతుంది.

కోయడానికి కత్తెర వద్దు. కత్తెర గుడ్డను పైకి లేపి కోస్తుంది, ఆ గీత ఎప్పుడూ వంకరే. కింద మందపాటి అట్ట పెట్టి, స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో ఒకే లాగుడుగా కోయండి. జిగురు పట్టిన గుడ్డ కాగితంలా తెగుతుంది. దారాలు లేవవు.

ఇక్కడే అడుగుతారు, పీకో అయినా చేయించకపోతే ఎలా అండీ అని. దీనికి లెక్క చెప్తానన్నాను. గొట్టం వ్యాసం 32 మిల్లీమీటర్లు అనుకోండి. గుడ్డ మందం జిగురుతో కలిపి 0.4 మిల్లీమీటర్లు. ఒకటిన్నర మీటర్ల పొడవు గుడ్డ దాని మీద చుడితే చుట్ట మొత్తం 42 మిల్లీమీటర్లు అవుతుంది. ఇప్పుడు పక్క అంచులు రెండు మడతలు వేసి కుట్టారనుకోండి. అంచు దగ్గర గుడ్డ మూడు పొరలు, 1.2 మిల్లీమీటర్లు. అక్కడ చుట్ట 57 మిల్లీమీటర్లు దాటుతుంది. మధ్యలో 42, రెండు చివర్లా 57. పై చుట్టులో అంచు దగ్గర ఒక చుట్టుకు పట్టే గుడ్డ, మధ్యలో పట్టే గుడ్డకన్నా దాదాపు 47 మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే అంచులు తొందరగా పైకి పోతాయి, మధ్య భాగం జోలెలా కిందికి జారుతుంది. పీకో మరీ ఇంత మందం పెంచదు గానీ అంచును అలలు అలలుగా చేస్తుంది. దుకాణంలో అమ్మే బ్లైండ్ పక్క అంచు ఎప్పుడైనా వేలితో తడిమి చూడండి. ఒక్క కుట్టు కనిపించదు.

కుట్టు పడేది ఒక్కచోటే. అడుగున పట్టీ దూర్చడానికి ఒక సంచి కావాలి. ఒకటిన్నర అంగుళాలు మడిచి అడ్డంగా ఒక వరస కుట్టు, లేదా అదే జిగురుతో అతికించినా సరిపోతుంది. అందులో వడ్రంగి దగ్గర దొరికే పల్చటి రీపర్ గానీ అల్యూమినియం పట్టీ గానీ దూర్చండి. బరువు ఉంటేనే గుడ్డ బిగువుగా నిలుస్తుంది, ఫ్యాను గాలికి కొట్టుకోదు.

కొలతల విషయానికొస్తే, మన ఇళ్ళలో సిమెంటు పూత ఎక్కడా ఒకేలా ఉండదు. కిటికీ చట్రం లోపల బిగించేటట్లయితే వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి అన్నిటికన్నా చిన్నది తీసుకోండి. గుడ్డ వెడల్పు అంతకన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువ ఉంటుంది, ఎందుకంటే రెండు చివర్లా బ్రాకెట్లు, గొలుసు చక్రం కూర్చోవాలి. ఎంత తక్కువన్నది మీ కిట్ చేతిలో పెట్టుకుని కొలిచి చూసుకోండి. గోడ మీద, చట్రం బయట బిగిస్తే రెండు పక్కలా మూడేసి అంగుళాలు ఎక్కువ పెట్టండి, లేకపోతే అంచుల్లోంచి ఎండ గీతలు గీతలుగా దూరుతుంది. పొడవు మాత్రం ఎప్పుడూ ఒక అడుగు అదనంగా ఉంచుకోండి. తెర పూర్తిగా దింపినా గొట్టం మీద కనీసం ఒకటిన్నర చుట్టు గుడ్డ మిగిలి ఉండాలి, లేదంటే బరువంతా గుడ్డను గొట్టానికి అంటించే టేపు మీదే పడి అది ఊడిపోతుంది.

గుడ్డను గొట్టానికి అతికించాలంటే దాని మీద నిటారు గీత కావాలి. గుండ్రటి గొట్టం మీద గీత గీయడం సులువు కాదు. గొట్టాన్ని నేలా గోడా కలిసే మూలలో ఆనించి, దాని పక్కనే ఒక చదును పట్టీ పెట్టి, పట్టీ వెంబడే పెన్సిల్ లాగండి. గీత వెంబడి డబుల్ సైడ్ టేపు అంటించి, గుడ్డ పై అంచును మధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ అద్దుకుంటూ పోండి. ఒక చివర నుంచి మొదలుపెడితే రెండో చివరకు వచ్చేసరికి తేడా పేరుకుంటుంది.

బ్రాకెట్లు బిగించడానికి చెక్క చట్రం అయితే మామూలు స్క్రూలు చాలు. కిటికీ పైన గోడకైతే అక్కడుండేది కాంక్రీటు లింటెల్. చిన్న డ్రిల్లు దానికి లొంగదు. హ్యామర్ డ్రిల్లు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి రంధ్రాలు వేయించి, ప్లాస్టిక్ ప్లగ్గులు పెట్టించండి. రెండు బ్రాకెట్లూ రసమట్టంతో సరిచూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా గుడ్డ ఇంకా ఎడమ పక్కకు జరుగుతుంటే, తెర పూర్తిగా దించి, గొట్టం కుడి చివర ఒక చిన్న టేపు ముక్క అంటించండి. ఆ పక్క గొట్టం కొంచెం లావై గుడ్డను తనవైపు లాక్కుంటుంది. కుడికి జరిగితే ఎడమన. ఒక పొరతో మొదలుపెట్టి, చాలకపోతే ఇంకొకటి.

ఇక గొలుసు. దాని చక్రం లోపల ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. తెర బరువు గొట్టాన్ని తిప్పబోతే అది ఇరుసును బిగించి పట్టుకుంటుంది, మనం గొలుసు లాగితే సడలుతుంది. అందుకే తెర ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. చక్కటి ఏర్పాటే. కానీ ఆ గొలుసు ఒక ఉచ్చు. చిన్నపిల్లలు మంచమెక్కి కిటికీ దగ్గర ఆడుకుంటూ మెడకు తగిలించుకుని ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. యూరప్ ప్రమాణాల ప్రకారం గొలుసు అడుగు నేలకు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉండాలి, బిగువుగా పట్టే క్లిప్పుతో గోడకు బిగించి ఉండాలి. అమెరికాలో 2018 డిసెంబరు నుంచి సిద్ధంగా అమ్మే తెరలకు పిల్లల చేతికందే తాడే ఉండకూడదని ప్రమాణం పెట్టుకున్నారు. మన కిట్‌తో వచ్చే ఆ చిన్న ప్లాస్టిక్ క్లిప్పును చాలామంది పారేస్తారు. పారేయకండి, గోడకు బిగించండి. ఉయ్యాల, మంచం, ఎక్కడానికి వీలైన కుర్చీ ఆ కిటికీ దగ్గర ఉండకూడదు.

పసిపిల్లలున్న ఇల్లయితే నేను గొలుసే వద్దంటాను. స్ప్రింగు రోలర్ తీసుకోండి. అమెరికాలో స్టీవర్ట్ హార్ట్‌షార్న్ అనే ఆయన 1864లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. గొట్టం లోపల పొడవాటి స్ప్రింగు ఉంటుంది. దాని ఒక కొస గొట్టానికి, రెండో కొస బ్రాకెట్‌లో తిరగకుండా కూర్చునే చదును మేకుకు. తెర దించుతుంటే స్ప్రింగు బిగుసుకుంటుంది. మధ్యలో ఆపేది చివరనున్న చిన్న కొక్కెం. గొట్టం మెల్లగా తిరిగితే కొక్కెం తన బరువుకు గాడిలో పడి పట్టుకుంటుంది, వేగంగా తిరిగితే బయటికి విసిరేసినట్టుగా గాడికి దూరంగా ఉండిపోతుంది. అందుకే చిన్న కుదుపు ఇచ్చి వదిలితే తెర సర్రున పైకి పోతుంది. కొన్నాళ్ళకు స్ప్రింగు నీరసిస్తే, తెర సగం దించి, మేకు వైపు బ్రాకెట్ నుంచి తీసి, గుడ్డను చేత్తో చుట్టి మళ్ళీ పెట్టండి. పట్టు తిరిగొస్తుంది.

ఎండ వేడి గురించి ఉన్నమాట చెప్పాలి. కిటికీ లోపల కట్టిన ఏ తెరైనా వెలుగును ఆపినంతగా వేడిని ఆపదు. వేడి అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. వెనక వైపు తెల్లగా ఉంటే కొంత బయటికి తిప్పి కొడుతుంది, అంతే. మన పాత ఇళ్ళలో వట్టివేళ్ళ తడికలు వరండాలో, కిటికీకి బయట కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. వాళ్ళకు ఆ సంగతి తెలుసు. పడమటి కిటికీకి బాల్కనీ ఉంటే బయట ఒక వెదురు తెర కట్టి, లోపల మీ ఇక్కత్ బ్లైండ్ పెట్టుకోండి. వంటింట్లో గ్యాసు పొయ్యి పక్క కిటికీకి మాత్రం ఈ గుడ్డ వద్దు, జిగురు పట్టిన నూలు ఇట్టే అంటుకుంటుంది.

తెర పెట్టాక ఉతకడం ఉండదు. పొడి గుడ్డతోనో మెత్తటి బ్రష్‌తోనో దుమ్ము దులపండి. వానాకాలంలో తడి పట్టిన గుడ్డను అలాగే చుట్టేయకండి, దించి ఉంచి ఆరనివ్వండి. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో రంగు వెలిసిపోతే గొట్టం, గొలుసు మార్చక్కర్లేదు, గుడ్డ ఒక్కటి పీకి కొత్తది అతికించుకోవచ్చు. పీకిన పాత గుడ్డను వెంటనే పారేయకండి. తెర ఇన్నాళ్ళూ తిన్నగా చుట్టుకున్నదైతే, కొత్త గుడ్డ కోయడానికి దాన్నే పైన పరిచి గీసుకోవచ్చు, కొలతలన్నీ అందులోనే ఉంటాయి.